తప్పు జవాబులనూ జాగ్రత్తగా రాయండి

బహుళైచ్ఛిక ప్రశ్న రాసేటప్పుడు మనం సరైన జవాబు మీద చూపే శ్రద్ధలో సగం కూడా మిగతా మూడింటి మీద చూపం. నోటికొచ్చిన అంకెలు వేసేస్తాం. నిజానికి పిల్లవాడికి ఏమి రాలేదో చెప్పేవి ఆ మూడే.

ఉదాహరణకు 3/4 + 1/2 ఎంత? జవాబు 5/4. పక్కన 7/9, 11/13 అని పెడితే ఎవరూ వాటివైపు చూడరు. బదులుగా 4/6 పెట్టండి: లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడినవారు దాన్నే ఎంచుకుంటారు. 4/4 పెట్టండి: హారాన్ని 4 చేసి, లవాన్ని మార్చడం మరచినవారు అక్కడ దొరుకుతారు. 3/8 అన్నవారు కూడికకు బదులు గుణకారం చేశారన్నమాట. పేపర్లు దిద్దాక ఒక్కో ఐచ్ఛికాన్ని ఎంతమంది ఎంచుకున్నారో లెక్క వేసుకోండి. సగం తరగతి 4/6 అంటే మళ్లీ చెప్పాల్సింది క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కాదు, అసలు భిన్నమంటే ఏమిటో.

ఇలాంటి తప్పులను కూర్చుని ఊహించనక్కర్లేదు. నిరుటి జవాబు పత్రాలు, హోంవర్క్ పుస్తకాలు తిరగేస్తే కావలసినన్ని దొరుకుతాయి.

‘పైవన్నీ’ని మాత్రం వీలైనంత వరకు మానేయండి. రెండు సరైనవని తెలిస్తే చాలు, మూడోది చదవకుండానే దానికి టిక్కు పెట్టేస్తారు. అలాగే సరైన జవాబు మిగతావాటికన్నా పొడవుగా ఉందేమో చూసుకోండి. చురుకైన పిల్లలు పాఠం చదవకపోయినా ఆ ఆనవాలు పట్టేస్తారు. ‘కానిది ఏది?’ అని అడగక తప్పకపోతే ‘కానిది’ కింద గీత గీయండి.