టర్బో కారుకి క్లచ్ మార్పిస్తున్నారా?
రీమ్యాప్ చేసిన (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చిన) టర్బో డీజిల్‌ని రోజూ ఆఫీసుకి తిప్పేవాళ్లు హార్స్‌పవర్ కాదు, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) చూసి క్లచ్ ఎంచుకోండి. టర్బోలో టార్క్ 2000 ఆర్‌పీఎం దగ్గరే ఒక్కసారిగా మీద పడుతుంది. నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ఎగిరి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టే. మీ ఇంజిన్ టార్క్ కంటే కాస్త ఎక్కువ మోయగల ఆర్గానిక్ ప్లేటు (మామూలు కార్లలో వచ్చే రకం) చాలు. సిరామిక్ జోలికి పోకండి, ట్రాఫిక్‌లో బండి కప్పగంతులేస్తుంది.

క్లచ్ బిగించే చక్రం ఫ్లైవీల్. అందులో డ్యూయల్ మాస్ అంటే ఇంజిన్ అదురుని పీల్చుకునే స్ప్రింగులున్న రెండు ముక్కలది. అది ఖరీదని నేను ఒకే ముక్కగా ఉండే సింగిల్ మాస్ వేయించాను. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గేర్‌బాక్స్ గలగల! ఆర్నెల్లకే మళ్లీ డ్యూయల్ మాస్‌కి వచ్చాను.

గేర్‌బాక్స్ దించినప్పుడే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసేది), ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ కూడా మార్పించేయండి. సీల్ కారి ప్లేటు తడిస్తే మళ్లీ అంత లేబరూ కట్టాలి.