నవాహో కోడ్‌లో సందేశం కట్టడం, విప్పడం: యుద్ధ సన్నివేశం రాసేవారికి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున తమ మాతృభాషతో కట్టిన రహస్య సందేశాలు రేడియోలో పంపిన అమెరికా ఆదివాసీ తెగ సైనికులు, అంటే నవాహో కోడ్ టాకర్ల మీద నాటకమో షార్ట్ ఫిల్మో రాయాలనుకునేవాళ్లు ముందుగా ఒక అపోహ వదిలించుకోవాలి. రేడియోకి అటొకరు ఇటొకరు కూర్చుని మాతృభాషలో మాట్లాడుకున్నారు, జపాన్ వాళ్లకు ఆ భాష రాదు, అంతే అనుకుంటారు. అదే నిజమైతే ఒక్క నవాహో ఖైదీ దొరికితే గుట్టు రట్టయ్యేది. నిజంగానే దొరికాడు కూడా. ఫిలిప్పీన్స్‌లో పట్టుబడిన జో కియోమియా అనే నవాహో సైనికుణ్ని చిత్రహింసలు పెట్టి మరీ ఆ సందేశాలకు అర్థం చెప్పమన్నారు. ఒక్కో పదం తెలుస్తోంది, మొత్తానికి భావం లేదు. అతను కోడ్ శిక్షణ పొందినవాడు కాదు మరి. కాబట్టి మీ పాత్రలు మామూలుగా కబుర్లు చెప్పుకుంటున్నట్టు మాట్లాడితే సన్నివేశం మొదట్లోనే తప్పుతుంది. వినిపించాల్సింది పొంతన లేని పదాల వరుస.

1942లో మొదటి 29 మంది నవాహో మెరైన్లు (అమెరికా నౌకా పదాతి సైనికులు) శాన్ డియాగో దగ్గరి క్యాంప్ ఇలియట్‌లో ఈ కోడ్ తయారుచేశారు. మొదట రెండు వందల పైచిలుకు పదాలుండేవి, యుద్ధం ముగిసేసరికి నాలుగు వందలు దాటాయి. ఇందులో రెండు రకాలున్నాయి, రెండూ కలిపి వాడాలి.

మొదటి రకం తరచూ వచ్చే సైనిక పదాలకు పెట్టిన మారుపేర్లు. ట్యాంకుకి తాబేలు (చే-డ-గాహి), ఫైటర్ విమానానికి హమ్మింగ్‌బర్డ్ (డా-హే-టి-హి), బాంబర్‌కి రాబందు (జే-షో), జలాంతర్గామికి ఇనుప చేప (బేష్-లో), డిస్ట్రాయర్‌కి సొరచేప (కా-లో), యుద్ధనౌకకి తిమింగలం (లో-త్సో). సందేశం చేతికి రాగానే ముందు ఇలాంటి పదాల కింద గీత గీయండి. జాబితాలో ఉన్న మాటను అక్షరాలుగా విడగొట్టకూడదు. దానివల్ల సమయం పోతుంది, శత్రువుకి లెక్కపెట్టుకోడానికి అక్షరాలు దొరుకుతాయి.

రెండో రకం అక్షరమాల. జాబితాలో లేని ఊళ్ల పేర్లకు, మనుషుల పేర్లకు ఇదే దారి. ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, దాని నవాహో పదం పలుకుతారు. ‘ఏ’కి యాంట్, అంటే చీమ, కాబట్టి వొల్-లా-చీ. ‘బి’కి బేర్, షుష్. ‘సి’కి క్యాట్, మోసి. జపాన్ దీవి ఇవో జిమాలోని సురిబాచి కొండ పేరు ఇలా పంపారు: డిబే (షీప్), షి-డా (అంకుల్), డా-నెస్-త్సా (ర్యామ్), త్కిన్ (ఐస్), షుష్ (బేర్), వొల్-లా-చీ (యాంట్), మోసి (క్యాట్), లిన్ (హార్స్), యే-హెస్ (ఇచ్). మొదటి అక్షరాలు కలుపుకుంటే పేరు వచ్చేస్తుంది. షి-డా అంటే మేనమామే. ఇంగ్లీషు అంకుల్‌లో ఆ తేడా కనబడదు గానీ కోడ్‌కి కావలసింది ‘యు’ ఒక్కటే.

ఆ పేరులో ‘ఐ’ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వేరే పదం వాడారు. ఇది కచ్చితంగా పాటించాల్సిన నియమం. ఇంగ్లీషులో ‘ఈ’, ‘టి’, ‘ఏ’ లాంటి అక్షరాలు ఎక్కువగా వస్తాయి. ఒక్కోదానికి ఒకే పదం ఉంటే ఎక్కువసార్లు వినబడ్డ పదమే ‘ఈ’ అని శత్రువు పట్టేస్తాడు. అందుకే తర్వాత అదనపు పదాలు చేర్చారు. ‘ఈ’కి డ్జే (ఎల్క్), ఆ-జా (ఇయర్), ఆ-నా (ఐ, అంటే కన్ను). ‘ఏ’కి చీమతో పాటు బె-ల-సానా (యాపిల్), త్సే-నిల్ (యాక్స్). సైపాన్ దీవి పేరు కట్టాలంటే డిబే, వొల్-లా-చీ, త్కిన్, బి-సో-డి (పిగ్), బె-ల-సానా, త్సా (నీడిల్). రెండు ‘ఏ’లు, రెండు వేర్వేరు పదాలు.

విప్పేటప్పుడు ఎక్కువ తప్పులు జరిగేది పదాల హద్దుల దగ్గర. డిబే అంటే ‘ఎస్’, డిబే-యాజ్జీ (ల్యాంబ్) అంటే ‘ఎల్’. యాజ్జీ అంటే చిన్నది. గాలి హోరులో ఆ ముక్క వినబడకపోతే ‘ఎల్’ కాస్తా ‘ఎస్’ అవుతుంది. క్లిజ్జీ (గోట్) ‘జి’, క్లిజ్జీ-యాజ్జీ (కిడ్, మేకపిల్ల) ‘కె’. అక్కడా ఇదే చిక్కు. ‘డి’కి వాడే బె (డీర్) ఒక్క అక్షరమే, బె-ల-సానా మొదలూ అదే. ఇక గుడ్లగూబ సంగతి: అక్షరాల వరుసలో వస్తే ‘ఓ’, విడిగా వస్తే పరిశీలక విమానం. అందుకని పదానికీ పదానికీ మధ్య చిన్న విరామం ఇవ్వాలి, పదం లోపల మాత్రం ఆగకూడదు. నటులు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు.

ఉచ్చారణ విషయంలో పైన రాసినవి దగ్గరి రూపాలేనని గుర్తుంచుకోండి. నవాహోలో స్వరం ఎక్కువ తక్కువలతో అర్థం మారుతుంది. ముక్కుతో పలికే అచ్చులున్నాయి, గొంతు దగ్గర ఊపిరిని ఠక్కున ఆపే ధ్వనీ ఉంది. లిన్‌లో, బేష్-లోలో వినబడేది మన ‘ల’ కాదు. నాలుకను ‘ల’కి పెట్టినట్టే పెట్టి, గొంతు మోగించకుండా పక్కల నుంచి గాలి వదలాలి. తెరమీదికి తెచ్చేటట్టయితే నవాహో మాట్లాడేవారితో సరిచూపించుకోక తప్పదు.

రంగస్థలం అమరిక సులువే. చేత్తో తిప్పే జనరేటర్‌తో నడిచే టీబీఎక్స్ రేడియో, ఇద్దరు మనుషులు. ఒకరు పిడి తిప్పుతారు, రెండోవారు మాట్లాడతారు, వచ్చినది రాసుకుంటారు. అధికారి ఇచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, అవతల రాసుకునేదీ ఇంగ్లీషులోనే. మధ్యలో కోడ్ పుస్తకం ఏదీ చూపించకండి. అంతా కంఠస్థం, జాబితాను యుద్ధరంగానికి తీసుకెళ్లనిచ్చేవారు కాదు. మూడు వరుసల సందేశానికి కోడ్ యంత్రాలతో అరగంట పట్టేచోట వీళ్లకు 20 సెకన్లు చాలని చెబుతారు. కనుక పాత్ర కళ్లు మూసుకుని దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు తీయడం కుదరదు. ఇవో జిమాలో మొదటి రెండు రోజుల్లోనే ఆరుగురు 800కి పైగా సందేశాలు తప్పు లేకుండా నడిపారు.

కోడ్ టాకర్ వెంట ఉండే అంగరక్షకుడి పాత్ర దగ్గర మరింత జాగ్రత్త కావాలి. కోడ్ టాకర్ శత్రువు చేతికి చిక్కేటట్టుంటే చంపెయ్యమని రక్షకుడికి ఆదేశం ఉందనే అంశం కథకు బాగా పనికొస్తుంది గానీ, అది వివాదాస్పదం. దాన్ని రుజువైన చరిత్రగా టైటిల్ కార్డులో వెయ్యకండి. పక్కన కాపలా మనిషి ఉండడానికి గట్టి కారణం వేరే ఉంది. సాటి అమెరికన్ సైనికులే వీళ్లను జపాన్ వాళ్లుగా పొరబడి తుపాకీ గురిపెట్టిన సందర్భాలున్నాయి. అందుకే రక్షకుడు శత్రువు వైపే కాకుండా వెనక సొంత పంక్తుల వైపూ చూస్తూ ఉండాలి. కొత్త దళం ఎదురైన ప్రతిసారీ ముందుగా నోరు విప్పాల్సింది అతనే.