పాత బాల్ పెన్నులు – మూడో పాఠం: ముందు రీఫిల్, తరవాత పెన్ను

పోయిన పాఠంలో ఇంట్లో ఉన్న పాత బాల్ పెన్నులన్నీ ఒకచోట పోగెయ్యమన్నాను. పోగేసే ఉంటారు. బీరువా సొరుగులో రేషన్ కార్డు కింద ఒకటి, శుభలేఖల కట్టలో ఒకటి, తాతగారి కళ్లజోడు డబ్బాలో ఒకటి. ఇవాళ వాటిని విప్పి చూద్దాం. మెరుపు, కంపెనీ పేరు, క్లిప్పు అందం, ఇవేవీ ఇవాళ వద్దు.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పనిమీద బరంపురం వెళ్లినప్పుడు బడా బజారు వైపు పాత సామాన్ల కొట్లో ఒక పెన్ను కంటబడింది. నల్లటి ఒళ్లు, బంగారు రంగు క్లిప్పు. "కెతే?" అని ఒడియాలో మొదలుపెట్టి, తెలుగులో బేరంలోకి దిగాను. మా వైపు బేరాలన్నీ అంతే. "ఫారిన్ సరుకు మాస్టారూ, ఇంకేం చూస్తారు!" అన్నాడాయన. నేనూ చూడలేదు. మూడొందలిచ్చి జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి విప్పితే లోపల పొట్టి రీఫిల్, నడుమ ఒక ఉబ్బు, తోక దగ్గర ఏదో గాడి. ఎండిపోయింది. మా ఊళ్లో మూడు స్టేషనరీ షాపులు తిరిగాను. మూడో షాపులో కుర్రాడు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇదేంటంకుల్, ఇంజెక్షన్ సూదా?" అన్నాడు. ఆ పెన్ను ఇప్పటికీ నా దగ్గరుంది. సంతకానికి కూడా పనికిరాదు.

ఇంకు పెన్నుకీ దీనికీ అక్కడే తేడా. ఇంకు పెన్నులో పాళీ పెన్నులో భాగం. పాళీ బాగుంటే అరవై ఏళ్ల తరవాతైనా కడిగి ఇంకు పోస్తే రాస్తుంది. బాల్ పెన్నులో రాసేదంతా రీఫిలే. బాలు, అది తిరిగే గూడు, చిక్కటి నూనె ఇంకు, అన్నీ దాంట్లోనే ఉంటాయి. మనం ముచ్చటపడి కొనే ఒళ్లు కేవలం పట్టుకోడానికి పిడి. అందుకని "ఈ పాత పెన్ను ఎంత నున్నగా రాస్తుందో" అని ఎవరైనా అమ్మజూపితే, ఆ నున్నదనం నిన్న వేసిన రీఫిల్‌దని గుర్తుపెట్టుకోండి. దాని ధర పాతిక రూపాయలే కావచ్చు.

(బీరో అనే హంగరీ విలేకరి బాల్ పెన్నుకి పేటెంటు వేసింది 1938లో. గిడుగు రామమూర్తి గారు పోయింది 1940లో. మా ఊళ్లో ఆయన పాఠాలు చెప్పిన రోజులన్నీ పాళీలూ ఇంకుబుడ్లే.)

ఇక పని. పాత పెన్ను కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో రెండు మూడు రకాల రీఫిళ్లు, ఒక చిన్న స్కేలు వేసుకెళ్లండి. నేనలాగే వెళ్తాను, కొట్టువాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మొదటిది లావు రీఫిల్. షాపులో "జాటర్ రీఫిల్" అంటే ఇస్తారు. పార్కర్ కంపెనీ జాటర్ పెన్ను 1954లో వచ్చింది. దాని రీఫిల్ కొలతే తరవాత జి2 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. పొడవు సుమారు 98 మిల్లీమీటర్లు. ఎన్నో కంపెనీలు ఇదే కొలతకి చేస్తాయి కాబట్టి, మీ పెన్నులో ఇది సరిగ్గా కూర్చుంటే సగం దిగులు తీరినట్టే. మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా కూడా ఇదే, లావు రీఫిల్ పట్టని పెన్ను జోలికి పోకండి.

రెండోది క్రాస్ కంపెనీ రకం. సన్నగా ఉంటుంది, పైన మరలున్న తొడుగు ఉంటుంది. పెన్ను నడుము పట్టుకుని తిప్పితే ములుకు బయటికొచ్చే క్రాస్ పెన్నుల్లో చూస్తారు. ఇప్పటికీ దొరుకుతుంది, కాకపోతే ఖరీదు. మూడోది నాలుగు రంగుల పెన్నుల్లో, బుల్లి పెన్నుల్లో ఉండే 67 మిల్లీమీటర్ల సన్న రీఫిల్, డి1 అంటారు. మన రెనాల్డ్స్ తరహా ప్లాస్టిక్ గొట్టం రీఫిళ్ల గురించి మీకు నేను చెప్పేదేముంది. అవి కాస్త పొడుగైతే వెనక ఖాళీ భాగం బ్లేడుతో కోసి సరిపెట్టొచ్చు. ఇంకు ఉన్న చోట మాత్రం కొయ్యకండి. వారం రోజులు చేతులు నీలంగా ఉంటాయి.

విప్పడం దగ్గర తొందర పనికిరాదు. పట్టకారు అసలే వద్దు, గాట్లు పడతాయి. పాత సైకిల్ ట్యూబు ముక్క రెండు చేతుల్లోనూ పెట్టుకుని తిప్పండి, జారదు. విప్పాక మరలు చూడాలి. ఫోన్ టార్చి వేసి, ఒంటిని మెల్లగా తిప్పుతూ ప్లాస్టిక్ మరల అంచుని చూడండి. వెంట్రుకంత గీత కనిపిస్తే అది గీత కాదు, బీట. బిగించిన ప్రతిసారీ పెరుగుతుంది. గోరుతో తడిమితే తగులుతుంది. బీట ఉన్న పెన్ను ఎంత చవకైనా నేను కొనను. సొట్ట ఉంటే కొంటాను, పేరు చెక్కి ఉంటే ఇంకా ఇష్టంగా కొంటాను.

తరవాత స్ప్రింగు. బరంపురం, సముద్రం ఒడ్డున ఉన్న గోపాలపురం వైపు ఇళ్లలో దొరికే పెన్నులకి ఉప్పుగాలి దెబ్బ ఉంటుంది. స్ప్రింగు తుప్పు పడుతుంది. అది పెద్ద లోపం కాదు, మామూలు పెన్నులోది తీసి వెయ్యొచ్చు. బొత్తాం మాత్రం ఇరవైసార్లు నొక్కి చూడండి. ఒక్కసారి జారినా లోపలి పళ్లు అరిగాయన్నమాట. జాటర్‌లో ఇంకో తమాషా ఉంది. నొక్కిన ప్రతిసారీ రీఫిల్ కొంచెం తిరుగుతుంది, ములుకు ఒకే పక్క అరక్కుండా. రీఫిల్ మీద చిన్న చుక్క పెట్టి నొక్కుతూ చూడండి, చుక్క కదులుతుంది.

"1954 జాటరండీ, ఒరిజినల్" అని బాణం క్లిప్పు ఉన్న పెన్ను చూపిస్తే మాత్రం నవ్వి ఊరుకోండి. తొలి జాటర్లకి బాణం లేదు.

ఆఖర్న రాసి చూడాలి. కొట్లో అందరూ చేసేది ఒకటే, బిల్లు కాగితం వెనక సున్నాలు చుడతారు. ఆ నున్నటి కాగితం మీద బాలు పట్టు దొరక్క జారుతుంది, మంచి రీఫిలూ తడబడుతుంది. మామూలు రూళ్ల నోటుబుక్కు తీసుకెళ్లి "రాష్ట్రం", "స్త్రీ", "ఝళిపించు" అని చిన్నగా రాయండి. మన అక్షరాల నిండా మలుపులు, కింద ఒత్తులు. లావు ములుకుతో రాస్తే ఒత్తు కడుపు ఇంకుతో పూడుకుపోతుంది. ఒడియా రాసేవాళ్లకీ ఇదే బాధ. తాటాకు మీద గంటంతో రాయడంవల్లే ఈ రెండు లిపులూ గుండ్రంగా తిరిగాయంటారు. నాకు 0.7 మిల్లీమీటర్ల బాలు బాగుంటుంది. పెద్ద అక్షరాలు రాసే మా ఆవిడకి 1.0 కావాలి. అలా అరపేజీ రాశాక వేళ్లు నొప్పెడుతున్నాయేమో చూసుకోండి. సన్నటి లోహపు పెన్నులు చూడ్డానికి దర్జాగానే ఉంటాయి గానీ, రెండో పేజీకి చెమట చేతిలో జారిపోతాయి.

ఈ వారం పని: మీరు పోగేసిన పెన్నుల్లోంచి మూడింటిని విప్పి, ఒక్కో రీఫిల్ పొడవు స్కేలుతో కొలిచి, పెన్ను పేరు పక్కన రాసుకోండి. కారిన ఇంకు కనిపిస్తే తుడవకండి, స్పిరిట్ అసలే పొయ్యకండి. కొన్ని ప్లాస్టిక్‌లు దాంతో తెల్లబారతాయి. ఆ సంగతి నాలుగో పాఠంలో. అందాకా రీఫిల్ తీసి, పెన్నుని కాగితంలో చుట్టి పక్కన పెట్టండి.