వానలు రాకముందే: తామర, గజ్జి జాగ్రత్తలు

వానలు మొదలైతే పీహెచ్‌సీ ఓపీలో దురద కేసులు పెరుగుతాయి. తడి బట్టలు, చెమట, గాలాడని జీన్స్ ఉంటే ఫంగస్ వల్ల వచ్చే తామరకు ఇంకేం కావాలి? గజ్జల్లో, చంకల్లో, నడుము చుట్టూ పడుతుంది. స్నానం చేసి ఒళ్లంతా తుడుచుకుంటాం, మొలతాడు మాత్రం తడిగానే ఉండిపోతుంది. తామర తగ్గేదాకా దాన్ని తీసేయడమే మంచిది. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే కనీసం రోజూ పొడిది మార్చండి. తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వాళ్లకే ఉండాలి. ముసురు పట్టిన రోజుల్లో సగం ఆరిన బట్టలు ఇస్త్రీ చేయకుండా వేసుకోవద్దు.

అసలు చిక్కంతా ట్యూబుతోనే. "అన్నా, దురదకు ఏదైనా ఇవ్వు" అని మెడికల్ షాపులో అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది స్టెరాయిడ్ కలిపిన క్రీము. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అనే పేర్లలో ఏదైనా ట్యూబు మీద ఉందేమో చదవండి. రాసిన రెండు రోజులకే దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతూనే ఉంటుంది. ఆపగానే మళ్లీ విజృంభిస్తుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి ఇక పోవు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి! డాక్టరు రాసిన ఫంగస్ క్రీమును మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. నిమ్మరసం, వెల్లుల్లి, కిరోసిన్ జోలికి పోవద్దు, చర్మం కాలుతుంది.

హాస్టల్ నుంచి వచ్చిన పిల్లలు రాత్రిళ్లు గోక్కుంటుంటే వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ చూడండి. పొక్కులుంటే గజ్జి కావచ్చు. దానికిచ్చే పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి పూసి పొద్దున స్నానం చేయాలి, వారం తర్వాత ఇంకోసారి. దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి పూసుకోవాలి, లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టర్ని అడిగే వాడాలి. మందు పనిచేసినా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు. టెన్షన్ పడి రోజూ పూయకండి.

నాట్లకు వెళ్లేవాళ్లు ఇంటికి రాగానే కాళ్లు కడిగి వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు కాలు ఎర్రగా వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

దురదే లేని పాలిపోయిన మచ్చ, తాకినా తెలియని మచ్చ కనిపిస్తే ఆశా కార్యకర్తకు చెప్పండి. కుష్టు అయితే ఆరు నెలలో ఏడాదో మందు వాడాలి. పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు.