పోటీ అయ్యాక ఆట అటకెక్కకుండా ఏం చేయాలి?

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్రై మాట్లాడతారు, ఒకరు కథ నడిపిస్తారు, ఏం జరుగుతుందో తేలని చోట పాచికలు తేలుస్తాయి. 1974లో అమెరికాలో అచ్చయిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ ఆటలు జనంలోకి వచ్చాయి. ఇప్పుడు వీటిని రాసే పోటీలూ ఉన్నాయి: 24 గంటల్లో ఒక ఆట రాయాలి, లేదా 200 మాటల్లో ముగించాలి.

నల్లగొండలోనో పాలమూరులోనో కాలేజీ పిల్లలు ఇలాంటి పోటీ పెట్టుకుంటే పదీ పన్నెండు ఆటలు చేతికొస్తాయి. బహుమతులు ఇచ్చిన మర్నాటి నుంచి ఆ కాగితాలు ఎవరూ తెరవరు. చాలా ఆటల్ని ఒక్కసారి కూడా ఎవరూ ఆడి ఉండరు, చదివి మార్కులేసి ఉంటారు. ఆ ఆటలకు మీరు చేయగల పెద్ద సాయం కూర్చుని ఆడటమే.

మొదటి రెండు వారాలు

ఫలితాలొచ్చిన రెండు వారాల్లోపే మొదలుపెట్టండి. దసరా సెలవులు గానీ పరీక్షలు గానీ మధ్యలో వస్తే గుంపు చెదిరిపోతుంది. గెలిచినవాటినే ఎంచుకోకండి. రాసినవాళ్లకు ఇంకా పని చేయాలన్న కోరిక ఉన్న రెండు మూడు ఆటలు తీసుకోండి, అంతకు మించితే ఏదీ పూర్తికాదు.

రాసిన మనిషిని ముందే ఒక మాట అడగాలి: మాటల లెక్క కుదరక ఏం కోసేశావు? కోతకు గురయ్యేవి దాదాపు ఎప్పుడూ అవే: ఒక ఉదాహరణ, కథ నడిపేవాళ్లు ఏం చేయాలో చెప్పే భాగం, ఆట ఎప్పుడు ముగుస్తుందన్నది. పోటీ గడువు పోయింది కాబట్టి ఆ మూడూ తిరిగి రాయించండి. ఆ తర్వాతే ఆడండి.

ఆడి చూడటం

నలుగురు ఆటగాళ్లు, ఒక నడిపేవారు, రెండు గంటలు చాలు. మొదటిసారి రాసినవారు పక్కన నోట్‌బుక్‌తో కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఇది కష్టం. ఎవరైనా తడబడగానే ‘అది అట్ల కాదు’ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పిన ప్రతి మాటా కాగితం మీద లేని నియమమే. అక్కడ చెబితే ఆ లోపం దాగిపోతుంది. రెండోసారి రాసినవారు అసలు గదిలోనే ఉండకూడదు, వేరే గుంపు కాగితం చూసి ఆడాలి.

పక్కన గడియారం పెట్టుకుని మూడు రకాల క్షణాలు రాయండి. ఎవరైనా నియమం కోసం పేజీలు వెనక్కి తిప్పారా? ఎవరైనా పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నారా? ‘ఇప్పుడేం చేయాలి’ అన్న ప్రశ్న ఎప్పుడొచ్చింది?

ఉదాహరణకు, నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పగలంతా నిలిచే నీడ రహస్యం ఛేదించే ఆట అనుకుందాం. అందులో పాచికల బదులు ఒక వైపు తెల్లగా అరగదీసిన చింతగింజలు వాడతారు, ‘కష్టమైన పని చేస్తే గింజలు వేయాలి’ అని ఉంది. ఆట అక్కడే ఆగుతుంది. కష్టమని ఎవరు తేల్చాలి? తప్పితే ఏమవుతుంది? ‘నీడ కారణం వెతుకుతూ ఎవరైనా గర్భగుడిలో అడుగుపెడితే, నడిపేవారు నాలుగు గింజలు వేయమంటారు. రెండో అంతకు మించో తెల్లగా పడితే ఒక ఆధారం దొరుకుతుంది. లేకుంటే పొద్దు ఒక జాము జరుగుతుంది’ అని రాస్తే ఆట కదులుతుంది. తప్పినా ఏదో ఒకటి మారాలి. ‘ఏమీ జరగదు’ అన్న ఫలితం ఉంటే అందరూ వరసగా గింజలు వేస్తూ కూర్చుంటారు.

గింజల లెక్క

అష్టాచెమ్మకు వాడే అరగదీసిన చింతగింజలు మన దగ్గర పాచికలకంటే సులువుగా దొరుకుతాయి, వాడండి. కానీ లెక్క చూసుకోండి. గింజ తెల్ల వైపు సగంసార్లు పడితే, నాలుగింటిలో రెండో ఎక్కువో తెల్లగా పడే అవకాశం 16లో 11, అంటే సుమారు 69 శాతం. మూడు గింజలకు 50, అయిదింటికి 81. మూడు నుంచి నాలుగుకు పెంచితే 19 శాతం లాభం, నాలుగు నుంచి అయిదుకు 12 మాత్రమే. ‘బలవంతుడికి ఒక గింజ ఎక్కువ’ అని రాసేవాళ్లు దీన్ని తరచూ చూసుకోరు.

గింజలు సమంగా అరగకపోతే ఇంకో చిక్కు. తెలుపు నూటికి 60 సార్లు పడే గింజలైతే ఆ 69 కాస్తా 82 అవుతుంది, 40 సార్లయితే 52కి దిగుతుంది. ఒక ఇంట్లో తేలికైన ఆట ఇంకో ఇంట్లో మొండికేస్తుంది, నియమాలదే తప్పనుకుంటారు. ఆటకు ముందు నాలుగు గింజలూ 50 సార్లు వేసి లెక్కపెట్టండి. 200లో తెలుపు 85 నుంచి 115 లోపు ఉంటే సరే, లేదంటే వేరే గింజలు తీసుకోండి.

చెప్పే తీరు

‘బాగుంది’ అన్న మాటతో రాసినవారికి పనేమీ జరగదు. ‘నేనైతే ఇట్ల రాస్తా’ అన్నది ఇంకా చెరుపు, ఎందుకంటే అది మీ ఆట అవుతుంది. జరిగింది చెప్పండి: ‘నలభయ్యో నిమిషంలో ముగ్గురు గొడవపడ్డరు, నాలుగో ఆమె ఫోన్ చూసుకుంది.’ మందు ఏం వేయాలో రాసినవారే తేల్చుకుంటారు.

హక్కులు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినప్పుడే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆట ఆలోచనకు రక్షణ లేదు, రాసిన మాటలకు ఉంది. బహుమతి ఇచ్చినంత మాత్రాన హక్కు నిర్వాహకులది కాదు, రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే అవుతుంది. పోటీ ఫారం మరోసారి చదవండి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూల నియమాల 5.1 పత్రం 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంది, అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. దాని నుంచి తీసుకుంటే ఆ విషయం ఆటలో రాయాలి.

అచ్చు

ఏ5 పుస్తకం 16 పేజీలు, అంటే నాలుగు ఏ4 కాగితాలు మడిచి నడుమ రెండు పిన్నులు. పేజీలు నాలుగుతో భాగించబడాలి, 18 అయితే రెండు ఖాళీలు మిగుల్తాయి. పై కాగితానికి ఒక వైపు 16, 1 పేజీలు, రెండో వైపు 2, 15. లిబ్రె ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రింట్ దగ్గర ‘బ్రోషర్’ ఎంచుకుంటే ఈ క్రమం అదే సర్దుతుంది.

డీటీపీ సెంటర్‌లో ఒక ఇబ్బంది వస్తుంది. అక్కడ చాలామంది అను ఫాంట్లలో పని చేస్తారు, అవి ఫోన్లు వాడే యూనికోడ్ పద్ధతిలోవి కావు. ఫోన్‌లో టైపు చేసింది అక్కడ అతికిస్తే ఒత్తులు చెదురుతాయి. మండలి లాంటి యూనికోడ్ ఫాంట్‌తో మీరే పీడీఎఫ్ చేసి ఇవ్వండి.

మొదట పది ప్రతులే తీయించండి, తప్పులు అచ్చులోనే కనిపిస్తాయి. ఆఖరి పేజీ ఖాళీగా వదిలి పైన ‘ఏ తేదీన, ఎంతమంది ఆడారు? ఎక్కడ ఆగారు?’ అని అచ్చు వేయించండి. ఆ ప్రతులు ఆడేవాళ్లకు ఇచ్చి, నెల తర్వాత వెనక్కి తెప్పించుకుని, ఆ పేజీలు ఆట రాసినవారికి ఇవ్వండి.