కాన్సస్ హై ప్లెయిన్స్‌లో ఆర్‌వీ మకాం: గుడ్‌ల్యాండ్ చుట్టూ మూడు రోజులు ఎలా తిరగాలి?

డెన్వర్ నుంచి కాన్సస్ సిటీ వైపు ఐ-70 హైవే మీద వెళ్లే మనవాళ్లలో చాలామందికి పశ్చిమ కాన్సస్ అంటే ఎంత త్వరగా దాటితే అంత మంచిదనిపించే దారి. గుడ్‌ల్యాండ్‌లో గ్యాస్ కొట్టించుకుని, పిల్లల్ని బాత్రూమ్‌కు తీసుకెళ్లి, మళ్లీ రోడ్డెక్కేస్తారు. ఆర్‌వీలో, అంటే పడక, పొయ్యి, టాయిలెట్ అన్నీ ఉన్న బండిలో వెళ్లి, ఆ ఊళ్లో కనీసం మూడు రాత్రులు ఆగండి అని నేను గట్టిగా చెబుతాను. ఎలా ఆగాలో, ఏం చూడాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో కింద రాస్తున్నాను.

గుడ్‌ల్యాండ్ షెర్మన్ కౌంటీ ముఖ్య పట్టణం. జనాభా నాలుగున్నర వేలకు అటూ ఇటూ. సముద్రమట్టానికి సుమారు 3,700 అడుగుల ఎత్తున ఉంటుంది. చుట్టూ గోధుమ, మొక్కజొన్న, జొన్న, పొద్దుతిరుగుడు. ఏడాదికి 18 నుంచి 20 అంగుళాల వాన పడే నేల ఇది, మన అనంతపురం లెక్కకు దగ్గరే. బోర్లున్న చోట ఓగలాలా భూగర్భ జలాలు తోడి గుండ్రటి మళ్లకు నీళ్లు పెడతారు. లేని చోట వానమీదే ఆధారం. తేమ నిలవడానికి పొలాన్ని కొంతకాలం బీడు పెడతారు. అక్కడ మైలో అని పిలిచే పంట మన జొన్నే. అమెరికాలో జొన్న ఎక్కువ పండించే రాష్ట్రం కాన్సస్. మెట్ట సేద్యం చూసి పెరిగిన అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్లను తప్పకుండా తీసుకెళ్లండి. న్యూయార్క్ భవనాల దగ్గర కంటే ఇక్కడ వాళ్లు ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు.

1. ముందు పంటల క్యాలెండర్ చూడండి

గోధుమ సెప్టెంబరులో విత్తుతారు, మంచు కింద చలికాలం గడిపి జూన్ చివర్లో, జులై మొదట్లో కోతకు వస్తుంది. ఆ రోజుల్లో రాత్రి పొద్దుపోయే దాకా కంబైన్లు, అంటే కోత యంత్రాలు, తిరుగుతూనే ఉంటాయి. చూడాల్సిన కాలం అదే. అయితే అప్పుడు ఆర్‌వీ పార్కుల్లో చోటు దొరకడం కూడా కష్టమవుతుంది. టెక్సాస్‌లో మొదలుపెట్టి పంట పండే వరస ప్రకారం కెనడా సరిహద్దు దాకా కోతలు కోసుకుంటూ వెళ్లే కస్టమ్ కటర్ల బృందాలు కూడా క్యాంపర్లలోనే ఉంటాయి. కాబట్టి ముందే బుక్ చేసుకోండి. పొద్దుతిరుగుడు పూలు కావాలంటే ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం లోపు వెళ్లండి. పంట మార్పిడి వల్ల ఏటా పొలాలు మారుతుంటాయి. పోయినేడు ఎవరో ఫోటో తీసుకున్న చోట ఈ ఏడు గోధుమ మోళ్లు ఉండొచ్చు. ఊళ్లోకి వెళ్లాక అడిగి తెలుసుకోవడమే మేలు.

2. ఆర్‌వీతో పాటు ఒక కారు

అద్దెకు తీసుకునేటప్పుడు ఒప్పందంలో మట్టి, కంకర రోడ్ల గురించి ఏం రాశారో చదవండి. చాలా కంపెనీలు వాటి మీద నడపనివ్వవు. ఇక్కడ చూడదగ్గ చోట్లు చాలావరకు కంకర రోడ్ల చివరే ఉన్నాయి. అందుకే రెండు కుటుంబాలు కలిసి వెళ్లి, ఒకరు ఆర్‌వీ, ఇంకొకరు కారు నడపడం అన్నింటికన్నా తేలిక. ఆర్‌వీని గుడ్‌ల్యాండ్‌లో పెట్టేసి, రోజూ కారులో తిరిగి రావచ్చు. ఐ-70 పక్కనే ప్రైవేటు ఆర్‌వీ పార్కులున్నాయి. వెనక్కి తీసే ఇబ్బంది లేకుండా పుల్-త్రూ సైటు అడగండి. మైళ్ల పరిమితి, జనరేటర్ గంటల పరిమితి కూడా ముందే కనుక్కోండి. కిరాణా, బియ్యం, పప్పులు డెన్వర్‌లోనే కొనేసుకోండి; పాలు, కూరగాయలు గుడ్‌ల్యాండ్‌లో దొరుకుతాయి.

3. గాలిని బట్టి బయల్దేరండి

హై ప్లెయిన్స్ అనే ఈ ఎత్తైన మైదానాల్లో ఆర్‌వీ నడిపేవాళ్లు అన్నింటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే. డెన్వర్ నుంచి గుడ్‌ల్యాండ్‌కు సుమారు 195 మైళ్లు. కారులో మూడు గంటల లోపు వెళ్లే దారి. ఐ-70 తూర్పు పడమరలుగా పోతుంది. వేసవిలో గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది. అంటే దారి పొడవునా ఎత్తైన బండికి పక్కనుంచి కొడుతూనే ఉంటుంది. అడ్డుకునే చెట్లు, కొండలు లేవు. పెద్ద ట్రక్కు దాటుతున్నప్పుడు గాలి ఒక్క క్షణం ఆగి, అది వెళ్లిపోగానే మళ్లీ ఒక్కసారిగా నెడుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాల్సిందే.

ముందురోజు రాత్రి నేషనల్ వెదర్ సర్వీస్ వెబ్‌సైట్‌లో గంటగంటకూ గాలి అంచనా చూడండి. ఆ సంస్థకు గుడ్‌ల్యాండ్‌లోనే ఒక ఆఫీసు ఉంది. గాలి విసురు గంటకు 40 మైళ్లు దాటుతుందంటే నేను బండి తీయను. సాధారణంగా తెల్లవారుజామున గాలి తక్కువగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది. అందుకే పొద్దున్నే ఆరింటికి బయల్దేరి పది లోపు చేరిపోతే ప్రయాణంలో సగం టెన్షన్ తగ్గుతుంది. కాన్సస్‌లో ఐ-70 మీద వేగ పరిమితి 75 మైళ్లు. ఆర్‌వీ మాత్రం 60-65 దాటకుండా కుడి లేన్‌లో నడపండి.

పొడి కాలంలో దుమ్ము ఇంకా ప్రమాదం. 2025 మార్చి 14న షెర్మన్ కౌంటీలోనే ఐ-70 మీద దుమ్ము కమ్మేసి, 71 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. 8 మంది చనిపోయారు. ముందు దుమ్ము తెర కనిపిస్తే దానిలోకి దూరకండి, వెంటనే ఎగ్జిట్ తీసుకోండి. అప్పటికే చిక్కుకుపోతే బండిని రోడ్డుకు వీలైనంత దూరంగా దింపి ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేకు మీది నుంచి కాలు తీసేయండి. లైట్లు వెలుగుతుంటే వెనకవాళ్లు అదే రోడ్డనుకుని మీ మీదికి వచ్చేస్తారు.

సైటులో దిగాక కూడా గాలి గుర్తుండాలి. బయటికెళ్లేటప్పుడు, పడుకునేటప్పుడు ఆనింగ్ (ఆర్‌వీ పక్కన చాచే నీడ గుడ్డ) మడిచేయండి. ఒక్క విసురుకే దాని చట్రం వంగిపోతుంది.

4. కరెంటు, నీళ్లు, ట్యాంకులు

ముందు సైటు దగ్గరి బ్రేకర్ ఆఫ్ చేయండి. కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దానికి ఆర్‌వీ తీగ కలిపి, అప్పుడు ఆన్ చేయండి. 30 ఆంప్స్ సైటు అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. ఏసీకే సుమారు 1,500 పోతాయి. దాని మీద మైక్రోవేవ్, ఇండక్షన్ స్టవ్ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. వంటకు గ్యాస్ పొయ్యి వాడుకుని, కరెంటు ఏసీకి వదలండి. తాలింపు పెట్టేటప్పుడు ఫ్యాన్ వేసి కిటికీ తెరవకపోతే పొగ అలారం మోగుతుంది. ఆ మోతకు విసుగొచ్చి బ్యాటరీ తీసేయడం మాత్రం వద్దు. బయట ఒంటి పొయ్యి పెట్టుకుంటే ఎండు గడ్డి మీద కాకుండా కాంక్రీటు మీద, గాలి తగలని వైపు పెట్టండి. నిప్పు నిషేధం ఉందేమో ఆఫీసులో అడగండి.

తాగే నీటికి వేరే గొట్టం, ప్రెషర్ రెగ్యులేటర్ వాడండి. స్నానం, సింకు నీళ్లు గ్రే ట్యాంకులోకి, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకులోకి పోతాయి. సీవర్ గొట్టం తగిలించి ఉన్నా బ్లాక్ వాల్వ్ మూసే ఉంచండి. తెరిచి ఉంచితే నీళ్లు జారిపోయి గట్టిది లోపలే పేరుకుంటుంది. మూడింట రెండొంతులు నిండాక ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలండి. సబ్బు నీళ్లతో గొట్టం కడిగినట్టు అవుతుంది. చెంబు వాడే అలవాటున్న పెద్దవాళ్లకు మొహమాటం అక్కర్లేదు, నీళ్లు ఎక్కువుంటేనే బ్లాక్ ట్యాంకు సాఫీగా ఖాళీ అవుతుంది. కాకపోతే త్వరగా నిండుతుంది. నూనె, పప్పు అంటిన గిన్నెలు కాగితంతో తుడిచాకే సింకులో వేయండి.

5. తుఫాను వస్తే ఎక్కడికి వెళ్లాలి?

చెక్-ఇన్ చేయగానే అడగాల్సిన మొదటి ప్రశ్న వైఫై పాస్‌వర్డ్ గురించి కాదు, తుఫాను షెల్టర్ ఎక్కడుందన్నది. టోర్నడోకి ఆర్‌వీ ఏ రకంగానూ రక్షణ కాదు. మే నుంచి జులై దాకా సాయంత్రాలు వడగళ్లు, టోర్నడోలు వచ్చే కాలం. వాతావరణ హెచ్చరికల్లో వాచ్ అంటే టోర్నడో వచ్చే పరిస్థితులున్నాయని, వార్నింగ్ అంటే కంటికో రాడార్‌కో కనబడిందని. వార్నింగ్ రాగానే పిల్లలతో, చెప్పులు వేసుకుని, గట్టి భవనంలోకి వెళ్లిపోవాలి. హెచ్చరికల్లో కౌంటీల పేర్లు చెబుతారు. కాబట్టి మీరు ఏ కౌంటీలో ఉన్నారో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి: గుడ్‌ల్యాండ్‌లో ఉంటే షెర్మన్, ఆరో భాగంలో చెప్పిన లేక్ స్కాట్ పార్కులో ఉంటే స్కాట్. బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి కొనుక్కోండి.

6. ఏం చూడాలి?

మొదటి రోజు ఊళ్లోనే తిరగండి. 80 అడుగుల ఈజిల్ (బొమ్మలు గీసే స్టాండు) మీద చిత్రకారుడు వాన్ గో పొద్దుతిరుగుడు పూల చిత్రం ఉంటుంది. కెనడా కళాకారుడు క్యామెరాన్ క్రాస్ 2001లో నిలబెట్టాడు. హై ప్లెయిన్స్ మ్యూజియంలో 1910 నాటి ఒక హెలికాప్టర్ ప్రయత్నానికి నమూనా ఉంది. ఇద్దరు స్థానికులు దాన్ని తయారుచేసి పేటెంటు కూడా తీసుకున్నారు.

రెండో రోజు పొద్దున పడమరగా ముప్పై మైళ్లు వెళితే కొలరాడోలో బర్లింగ్టన్. అక్కడి కిట్ కార్సన్ కౌంటీ కారౌజెల్‌ను, అంటే జంతువుల బొమ్మలెక్కి తిరిగే రంగులరాట్నాన్ని, 1905లో డెన్వర్‌లోని ఎలిచ్ గార్డెన్స్ వినోద పార్కు కోసం చేశారు, 1928లో ఈ కౌంటీ కొనుక్కుంది. 46 జంతువులు, వాటి మీద అప్పటి రంగులే. టికెట్ పావు డాలరు. వేసవిలోనే తెరుస్తారు. మధ్యాహ్నం దక్షిణంగా వాలెస్ కౌంటీలోని మౌంట్ సన్‌ఫ్లవర్‌కు వెళ్లండి. 4,039 అడుగులతో కాన్సస్‌లో ఎత్తైన చోటు అదే. శిఖరంలా ఏమీ ఉండదు, మేత బీడు మధ్య రైలు మేకులతో చేసిన పొద్దుతిరుగుడు పువ్వు నిలబడి ఉంటుంది. అది ఒకరి సొంత భూమి, దయతో రానిస్తున్నారు.

మూడో రోజుకు పూర్తి రోజు కేటాయించండి. తూర్పున ఉన్న ఓక్లీ ఊరికి దక్షిణాన మాన్యుమెంట్ రాక్స్, లిటిల్ జెరూసలేం అనే సుద్ద రాతి చోట్లు, ఇంకా దిగువన లేక్ స్కాట్. సుమారు 8 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సుద్ద రాయే ఇప్పుడు 70 అడుగుల గోడల్లా నిలబడి ఉంది. మాన్యుమెంట్ రాక్స్‌కు 1968లో జాతీయ సహజ చిహ్నంగా గుర్తింపు వచ్చింది. అదీ సొంత భూమే: పగలే చూడాలి, గోడలెక్కకూడదు, శిలాజాలు ఏరకూడదు, రాత్రి ఉండకూడదు. లిటిల్ జెరూసలేం 2019లో తెరిచిన స్టేట్ పార్కు. ఇక్కడా క్యాంపింగ్ లేదు. లేక్ స్కాట్‌లో మాత్రం ఆర్‌వీకి కరెంటు, నీళ్లు కలుపుకునే హుకప్పులున్నాయి. ఎండకు మాడిన మైదానంలో ఊట నీళ్ల చెరువు, పక్కనే ఎల్ క్వార్టెలేహో ప్యూబ్లో (అమెరికా ఆదివాసుల పాత ఇళ్లు) శిథిలాలు. కుదిరితే నాలుగో రాత్రి ఆర్‌వీని ఇక్కడికి మార్చండి, ఓక్లీ నుంచి యూఎస్-83 తారు రోడ్డే. స్టేట్ పార్కులకు వాహన పర్మిట్ తీసుకోవాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. గుడ్‌ల్యాండ్ మౌంటెన్ టైమ్‌లో, ఓక్లీ, లేక్ స్కాట్ సెంట్రల్ టైమ్‌లో ఉన్నాయి. తూర్పుకు వెళ్తే గంట పోతుంది.

7. పొలాల దగ్గర

రోడ్లు చాలాచోట్ల మైలుకొకటి చొప్పున గళ్లుగా ఉంటాయి. వాన పడ్డాక మట్టి రోడ్డెక్కకండి. చక్రాలకు బంక పట్టి కారు కాలువలోకి జారుతుంది, లాగడానికి వచ్చే రైతుకు అది కోతల రోజు. పొలం దారికి అడ్డంగా ఆపవద్దు. వేడి సైలెన్సర్‌తో ఎండు మోళ్లలోకి వెళ్లవద్దు, నిప్పంటుకుంటుంది. ఎదురుగా కంబైన్ వస్తే పక్కకు తీసి ఆగండి. ఎదురొచ్చే డ్రైవర్ స్టీరింగ్ మీది వేలెత్తి పలకరిస్తే మీరూ ఎత్తండి. ఫోటోకైనా సరే, పొలంలో అడుగు పెట్టేముందు అడగండి. అడిగినవాళ్లకు చాలామంది కంబైన్ దగ్గరికి పిలిచి మరీ చూపిస్తారు.

తిరుగు ప్రయాణానికి ముందు

ట్యాంకులు ఖాళీ చేసి, ఆనింగ్, మెట్లు, గ్యాస్ వాల్వ్ చూసుకుని, కాన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌లో కాన్సస్ రోడ్లు, సీవోట్రిప్ వెబ్‌సైట్‌లో కొలరాడో రోడ్లు ఎలా ఉన్నాయో చూడండి. చలికాలంలో అయితే పార్కుల్లో నీటి కుళాయిలు కట్టేస్తారు, మంచు తుఫాను వస్తే గుడ్‌ల్యాండ్ దగ్గర ఐ-70కి గేట్లు వేసేస్తారు. గేటు పడితే జీపీఎస్ చూపించే కౌంటీ రోడ్లు పట్టుకుని వెళ్లకండి. ఊళ్లోనే ఇంకో రాత్రి ఉండిపోండి.