మీ ఎంపీ సీటు హద్దులు, పాత రిజల్ట్స్ మీరే చూసుకోవడం ఎలా (నంద్యాల ఎగ్జాంపుల్‌తో)

మా మామ ఒకాయన కర్నూల్లో కల్లూరు సైడు ఉంటాడు. ఇల్లు కర్నూలు కార్పొరేషన్ కిందే, కలెక్టర్ కూడా కర్నూలు కలెక్టరే, కానీ ఎంపీ ఓటు మాత్రం నంద్యాలకి పడుతుంది. "నేను కర్నూలోణ్ణి, నాకు నంద్యాల ఎంపీ ఏందిరా" అని 2024 ఎలక్షన్ టైంలో అరగంట గొడవ పెట్టుకున్నాడు నాతో. ఆయనకి చూపించడానికి వెతుకుతా పోతే మొత్తం సీటు చరిత్రే బయటికొచ్చింది, ఆ వెతికిన పద్ధతే ఇక్కడ రాస్తున్నా, మీ సీటుకి కూడా ఇదే పనికొస్తుంది.

ముందు ఓటర్ కార్డు తీయండి. దాని మీద ఎపిక్ నంబర్ ఉంటుంది కదా, అది ఎలక్షన్ కమిషన్ ఓటర్ సైట్‌లో కొడితే మీ అసెంబ్లీ, పార్లమెంట్, పార్ట్ నంబర్ (ఓటర్ లిస్టులో మీరున్న భాగం నంబర్), బూత్ అన్నీ వస్తాయి. పార్ట్ నంబర్ ఒక చోట రాసి పెట్టుకోండి, చివర్లో దాంతో పనుంది. కార్డు మరీ పాతదైతే దాని మీదున్న అసెంబ్లీ పేరు నమ్మొద్దు, 2008 తర్వాత చాలా పేర్లు మారాయి.

ఇప్పుడు హద్దులు. దీనికి అసలు కాగితం 2008 డీలిమిటేషన్ ఆర్డర్, అంటే సీట్ల హద్దులు మళ్లీ గీసిన ఆర్డర్, 2001 జనాభా లెక్కల మీద చేసింది. అందులో టేబుల్ ఏ, టేబుల్ బీ అని రెండుంటాయి. అందరూ డైరెక్ట్‌గా టేబుల్ బీ కి పోయి మా ఊరు లేదేంటి అంటారు, అక్కడ ఊళ్లుండవు, ఆంధ్రాలో అయితే ఒక్కో ఎంపీ సీటు కింద ఏడు అసెంబ్లీల పేర్లే ఉంటాయి. నంద్యాల కింద ఆళ్లగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు (ఎస్సీ), పాణ్యం, నంద్యాల, బనగానపల్లె, డోన్. ఇవి పట్టుకుని టేబుల్ ఏ కి వెనక్కొస్తే ఒక్కో అసెంబ్లీలో ఏ మండలాలో ఉంటాయి. పాణ్యం దగ్గర చూడండి: కల్లూరు, ఓర్వకల్లు, పాణ్యం, గడివేముల. మా మామ కథ ఇక్కడే తేలిపోయింది.

జిల్లా మ్యాపు చూసి ఎంపీ సీటు హద్దు ఇదే అనుకోవడం మాత్రం చెయ్యొద్దు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఎంపీ సీటుకో జిల్లా అన్నారు గానీ పాణ్యం అసెంబ్లీ రెండు ముక్కలైంది, కల్లూరు, ఓర్వకల్లు కర్నూలు జిల్లాలో, పాణ్యం, గడివేముల నంద్యాల జిల్లాలో. జిల్లాల గీతలు రాష్ట్రం గీసుకుంటుంది, ఎంపీ సీటు గీతలు డీలిమిటేషన్ వాళ్లవి, ఇది మారిందని అది మారదు.

ఇక పాత రిజల్ట్స్. ఎలక్షన్ కమిషన్ సైట్‌లో మొదటి ఎలక్షన్ నుంచీ స్టాటిస్టికల్ రిపోర్టులు ఉన్నాయి, ఏడాది పట్టుకుని దించుకోవడమే. కానీ జనరల్ ఎలక్షన్ రిపోర్టులో ఉప ఎన్నికలు ఉండవు, నంద్యాల విషయంలో ఇదే పెద్ద గుంత. 1991 రిపోర్ట్ తెరిస్తే కాంగ్రెస్ గంగుల ప్రతాపరెడ్డి గెలిచినట్టు ఉంటుంది, అక్కడితో ఆపేస్తే పీవీ నరసింహారావు ఎక్కడా కనపడడు! ప్రధాని అయినప్పుడు పీవీ ఎంపీ కాదు కాబట్టి గంగుల రాజీనామా చేసి సీటిచ్చాడు, తెలుగోడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ టీడీపీ నుంచి ఎవర్నీ నిలబెట్టలేదు, బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ నిలబడ్డాడు, ఆ ఉప ఎన్నికలో పీవీ మెజారిటీ 5.8 లక్షలు దాటింది. దేశమంతా చెప్పుకున్న ఆ గెలుపు మెయిన్ రిపోర్టులో ఒక్క లైను కూడా లేదు.

1996ది ఇంకో తిరకాసు. రిపోర్టులో నంద్యాల విన్నర్ పీవీనే, కానీ ఆయన ఒడిశా బరంపురంలో కూడా గెలిచి దాన్నే ఉంచుకున్నాడు, ఇక్కడ మళ్లీ ఉప ఎన్నిక జరిగితే టీడీపీ నుంచి భూమా నాగిరెడ్డి గెలిచాడు. కాబట్టి రిపోర్ట్ పక్కన ఆ లోక్‌సభ సభ్యుల లిస్ట్ కూడా పెట్టుకుని చూడండి, ఒకే టర్మ్‌లో ఒక సీటుకి రెండు పేర్లుంటే మధ్యలో ఏదో జరిగినట్టే. 1977 కూడా అంతే, ఆంధ్రాలో 42కి 41 కాంగ్రెస్సే కొట్టేస్తే మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, జనతా నుంచి నీలం సంజీవరెడ్డి, నాలుగు నెలలకే రాష్ట్రపతి అయిపోయి సీటు ఖాళీ చేశాడు.

పార్టీ కాలమ్ కూడా గుడ్డిగా నమ్మొద్దు, అది గెలిచిన రోజు పార్టీ మాత్రమే. ఎస్పీవై రెడ్డి 2004, 2009 కాంగ్రెస్, 2014 వైసీపీ అని ఉంటుంది, 2014లో గెలిచిన కొద్ది రోజులకే టీడీపీలోకి పోయాడు. 2019లో జనసేన నుంచి నిలబడి, పోలింగ్ అయ్యాక కౌంటింగ్ కి ముందే చనిపోయాడు. ఆ ఏడాది వైసీపీ పోచా బ్రహ్మానందరెడ్డి, 2024లో టీడీపీ బైరెడ్డి శబరి లక్ష పైన మెజారిటీతో.

ఇవన్నీ టేబుల్ వేసుకునేటప్పుడు 2004కి 2009కి మధ్య అడ్డంగా ఒక గీత కొట్టండి. పేరు నంద్యాలే గానీ సీటు అదే కాదు. అంతకుముందు గిద్దలూరు నంద్యాల కింద ఉండేది, ఇప్పుడు ఒంగోలు కిందికి పోయింది, డోన్ కర్నూలు నుంచి ఇటొచ్చింది, ఆత్మకూరు, కోయిలకుంట్ల అసెంబ్లీలు పోయి శ్రీశైలం, బనగానపల్లె వచ్చాయి. ఆ గీతకి పైన ఓట్లు కింద ఓట్లు పోల్చి ఫలానా పార్టీ పెరిగింది తగ్గింది అంటే తప్పు లెక్కే. నంద్యాలకి కనీసం పేరైనా మిగిలింది, పీవీ 1977, 1980లో గెలిచి 1984లో ఓడిన హనుమకొండ సీటైతే 2008లో మొత్తానికే లేకుండా పోయింది.

లాస్ట్‌ది, నాకు బాగా నచ్చింది, ఫారం 20. రాష్ట్ర సీఈఓ (ఎన్నికల ప్రధాన అధికారి) సైట్‌లో ఉంటుంది, బూత్ వారీగా ఎవరికి ఎన్ని పడ్డాయో. ఎంపీది వేరు, అసెంబ్లీది వేరు, రెండూ దించుకోండి, ఒకే రోజు ఓటింగ్ కాబట్టి ఒకే బూత్‌లో ఎంపీకి ఒకలా ఎమ్మెల్యేకి ఒకలా వేసింది దొరికిపోతుంది. కొన్ని పీడీఎఫ్‌లు స్కాన్ చేసినవి, సెర్చ్ పనిచెయ్యదు, రాసిపెట్టుకున్న పార్ట్ నంబర్ పట్టుకుని కిందికి పోవాల్సిందే. మా మామకి ఆయన బూత్ లైన్ తీసి వాట్సాప్‌లో పంపించా, నంద్యాల సంగతి మర్చిపోయి "మన వీధిలో నోటాకి వేసిందెవర్రా" అని మొదలుపెట్టాడు.